మాస్‌ఫెట్ డోసు రీడింగ్ ఎందుకు జారుతోంది?

ప్రశ్న: రేడియోథెరపీలో ఫిజిసిస్టుగా చేరి 4 నెలలైంది. పేషెంట్ చర్మం మీద టేపుతో అంటించిన మాస్‌ఫెట్‌ని (రేడియేషన్ డోసు కొలిచే చిన్న ట్రాన్సిస్టర్ సెన్సర్) బీమ్ ఆగగానే చదివితే ఒక అంకె, టీ తాగొచ్చి చదివితే ఇంకో అంకె. టెన్షన్‌గా ఉందండీ.

జవాబు 1: రేడియేషన్‌కి గేటు (ట్రాన్సిస్టర్‌ని నడిపే కొస) కింది ఆక్సైడ్ పొరలో హోల్స్ (పాజిటివ్ చార్జీలు) పుట్టి అక్కడే చిక్కుకుంటాయి, దాంతో థ్రెషోల్డ్ వోల్టేజీ (ట్రాన్సిస్టర్ ఆన్ కావడానికి కావలసిన వోల్టేజీ) మారుతుంది. ఆ మార్పును బట్టే మీ డోసు. 1974లో హోమ్స్-సీడిల్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన కిటుకు ఇదే. చిక్కినవాటిలో కొన్ని మెల్లగా జారుకుంటాయి. అందుకే ప్రతిసారీ ఒకే వ్యవధి తర్వాత చదవాలి.

జవాబు 2: వేడి సంగతి మరిచారు. సున్నా రీడింగ్ (బీమ్‌కి ముందు తీసేది) ఎక్కడ తీశారు?

అడిగినవారు: ఏసీ గదిలో, బల్ల మీద...

జవాబు 2: ఇంకేం! ఒంటి వేడికీ థ్రెషోల్డ్ కదులుతుంది. అంటించి, కాసేపాగి సున్నా రీడింగ్ తీయండి.

జవాబు 1: డోసు పేరుకునేకొద్దీ సెన్సిటివిటీ కూడా పడిపోతుంది. పాత సెన్సరైతే కాలిబ్రేషన్ మళ్లీ చూడండి.