స్పారింగ్‌లో స్పిన్నింగ్ కిక్ ఎప్పుడు? తిరిగిన ప్రతిసారీ తన్నులే

నల్గొండ_బ్లూబెల్ట్
తైక్వాండో, మూడేండ్ల సంది. ప్యాడ్ మీద బ్యాక్ కిక్ (వీపు తిప్పి మడమతోని ఎన్కకు తన్నుడు) ఇస్తే పట్టుకున్నోడు రెండడుగులు ఎన్కకు పోతడు. స్పారింగ్‌ల, అంటే ఎదురుగ మనిషిని పెట్టుకొని కొట్లాడె ప్రాక్టీస్‌ల మాత్రం నేను తిరిగెలోపట పొట్ట మీద ఒకటి పడ్తది. ఎప్పుడు వెయ్యాలె? ఎడమ దిక్కు అయితే అసలు తిరగనీకే వస్తలేదు, దానికేమన్న డ్రిల్లుందా? డిసెంబర్‌ల జిల్లా పోటీలున్నయ్.

బెజవాడ_రెండోడాన్
ముందు నువ్వు వెయ్యకు తమ్ముడూ. వాడు వేసేదాకా ఆగు. పక్కనుంచి తిప్పి కొట్టే రౌండ్ కిక్‌కి మోకాలు లేపాడంటే వాడు ఒంటికాలి మీదున్నట్టే. చెస్ట్ గార్డ్ మొత్తం తెరుచుకుని ఉంటుంది, వెనక్కి పోలేడు. నీకు ముహూర్తం అదే. నువ్వే వెతుక్కుంటూ వెళ్లి తిరిగావనుకో, ఒక్కడుగు వెనక్కేసి, నీ కాలు నేలకి ఆనేలోపు ఇస్తాడు. ఇంకోటి, తల ముందు తిరగాలి. భుజం మీంచి వాడి గార్డ్ కనపడ్డాకే మడమ బయల్దేరాలి. 19 ఏళ్లుగా నేర్పుతున్నా, గుడ్డిగా తన్నేవాళ్లే ఎక్కువ.

కాకినాడ_కరాటే
మా కరాటేలో ఈ గోలే లేదండి. తలకి కిక్ పడితే 3 పాయింట్లు. గిరగిరా తిరిగి వేసినా 3, నిలబడి వేసినా 3. మరి అవతలోడికి వీపు చూపించడం దేనికండి? శుభ్రంగా గ్యాకు జుకి, అదే వెనక చేత్తో తిన్నగా వేసే పంచ్, నేర్చుకోమనండి.

బెజవాడ_రెండోడాన్
మా తైక్వాండోలో పంచ్‌కి 1. పొట్టకి మామూలు కిక్ 2, తిరిగి వేస్తే 4. తలకి 3, తిరిగితే 5. మూడు పాయింట్లు వెనకబడి పది సెకన్లు మిగిలినవాడు నీ గ్యాకు జుకి ఏం చేసుకుంటాడు?

డల్లాస్_డాడ్
చిన్న సవరణ. బ్యాక్ కిక్ స్పిన్నింగ్ కిక్ కాదు. గాడిద తన్నినట్టు తిన్నగా వెళ్తుంది. కాలు చుట్టూ తిరిగి మడమతో తగిలితేనే స్పిన్నింగ్. ఇక్కడ మా అబ్బాయి అకాడమీలో రెండూ వేర్వేరుగానే నేర్పుతారు.

ఓరుగల్లు_కిక్
ఓ డల్లాస్ అన్నా, ఒళ్లు తిరిగిందా లేదా? తిరిగితే నాలుగు. గార్డ్‌ల, సాక్స్‌ల ఉండె సెన్సర్ రెండిస్తది, మిగిలిన రెండు మూలల కూసున్న జడ్జీలు నొక్కుతరు. పేరు గాడిద తన్నని పెట్టుకున్నా అంతే.
నా బాధ వేరే. పోయిన ఏడు ఒక టోర్నీల, వాడు మోకాలు లేపంగనే ఇచ్చిన. గార్డ్ ధన్నుమన్నది, మా అమ్మ గ్యాలరీల లేచి నిలబడ్డది. బోర్డు మీద సున్న! సాక్స్ వదులై సెన్సర్ పక్కకు జరిగింది. సెన్సర్ పలకకుంటే జడ్జి నొక్కినా పన్కిరాదు. ఒక్క పాయింట్‌తోని ఓడిన.

డల్లాస్_డాడ్
నేను పాయింట్ల గురించి మాట్లాడలేదు, పేరు గురించి మాట్లాడాను. 2004 ఏథెన్స్ హెవీవెయిట్ ఫైనల్ చూడండి. మూన్ డే సంగ్ తిరిగి తలకి ఇస్తే నికోలాయిడిస్ అక్కడే పడిపోయాడు. స్పిన్నింగ్ అంటే అదీ.

బెజవాడ_రెండోడాన్
అప్పటికి ఒలింపిక్స్‌లో సెన్సర్లే లేవు, లండన్ 2012కి వచ్చాయి. ఆ కుర్రాడు అడిగిందేంటి, మీరు చెప్తున్నదేంటి? సోఫాలో కూర్చుని వీడియోలు చూస్తే బెల్ట్ రాదు.

డల్లాస్_డాడ్
మర్యాదగా మాట్లాడండి. బెల్ట్ ఉన్నవాళ్లందరికీ సంస్కారం ఉండదని అర్థమైంది.

తెల్లబెల్టు_మాస్టారు
నాకు 47. మా వాడితో పాటు చేరాను. ఉత్సాహం ఆగక డాబా మీద, గచ్చు మీద, వట్టి కాళ్లతో తిరిగాను. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాల్లో టప్‌మని శబ్దం, మా ఆవిడకి కిందికి వినపడిందట. ఎంఆర్ఐ, ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) దెబ్బ, ఆర్నెల్లు. నిలబడ్డ కాలి మడమ లేపి, ముని పాదం మీద తిరగండి బాబూ. మ్యాట్ మీదే తిరగండి.

కాకినాడ_కరాటే
చూశారా, అందుకే తిన్నగా వెయ్యమనేది.

నల్గొండ_బ్లూబెల్ట్
నిన్న సాయంత్రం చేసి చూసిన. మా సీనియర్ మోకాలు లేపెదాక ఆగిన, మెడ తిప్పి గార్డ్ చూసిన, ఇచ్చిన. కడుపుల గాలి బయటికొచ్చినట్టు "హుఁ" అన్నడు. రెండోసారి మల్లగట్లనే పోతే కాలు లేపినట్టు చేసి ఆగిండు. నేను తిరిగి నిలబడెసరికి తల మీద పడ్డది.
అన్నలూ, ఎడమ దిక్కు సంగతి ఎవరన్న చెప్పున్రి.

డల్లాస్_డాడ్
కంగ్రాట్స్ బ్రదర్. కానీ మీరు వేసింది బ్యాక్ కిక్.

ఓరుగల్లు_కిక్
తమ్మీ, నీ సాక్స్ సైజెంత? నా దగ్గర ఒక జత ఉన్నయ్, నాకైతే వదులు.