ఉగాది విందు, మార్చి 21: వంటకాలు, పనుల పంపకం

కార్యదర్శి (మార్చి 10, ఉదయం)
పరాభవ నామ సంవత్సర ఉగాది 19న గురువారం వస్తున్నందున, మన విందును 21న శనివారం మధ్యాహ్నం జరుపుకుంటున్నాము. ఇప్పటికి 120 మంది పేర్లు నమోదయ్యాయి. వేదిక అలంకరణ, పంచాంగ శ్రవణం ఏర్పాట్లు, పిల్లల పద్యాలు, వడ్డన, చివర శుభ్రత అనే అయిదు పనులలో ఎవరు ఏది చేయగలరో ఆదివారంలోగా ఇక్కడ రాయవలసిందిగా మనవి. వంటకాలు అక్క నిర్ణయించినవే: ఉగాది పచ్చడి, బొబ్బట్లు, గారెలు, పూర్ణాలు, పులిహోర, మామిడికాయ పప్పు, గుత్తివంకాయ కూర, అన్నం, పెరుగు.

కార్యదర్శి (అదే రోజు, సాయంత్రం)
హాలు వారి నుంచి ఇప్పుడే ఈమెయిలు వచ్చింది. ఇకపై అక్కడి వంటగదిలో తెచ్చుకున్న వంటకాలను వేడి చేసుకోవడానికి మాత్రమే అనుమతి ఉంటుందట, నూనెలో వేయించడం పూర్తిగా నిషేధమట. పొగను బయటికి లాగే ఏర్పాటు చాలడం లేదనీ, ఇటీవల ఎవరో పెట్టిన పోపుకే ఫైర్ అలారం మోగి భవనమంతా ఖాళీ చేయవలసి వచ్చిందనీ రాశారు. ఆ పోపు మనది కాదు. ఫోను చేసి బతిమాలి చూశాను, లాభం లేకపోయింది.

వంటల బాధ్యురాలు
గారెలు, పూర్ణాలు అక్కడికక్కడే వేయించి వేడివేడిగా వడ్డించాలన్న ఆలోచనతోనే మిగిలిన వంటకాలన్నీ కుదించాను. ఇంట్లో వేయించి డబ్బాలో పెట్టి తెస్తే గారె మెత్తబడి సాగుతుంది, పూర్ణం పైపూత చెమ్మగిల్లి ఊడిపోతుంది. పదకొండు రోజుల ముందు ఈ సంగతి చెబితే నేనేం చేయాలో కూడా ఆ హాలు వారే రాసి ఉంటే బాగుండేది.

కోశాధికారి
ఒక రెస్టారెంటు వారిని అడిగాను. తలకు 9 పౌండ్ల చొప్పున 120 మందికి 1,080 పౌండ్లు అవుతుంది. విందు కోసం మన దగ్గర ఉన్నది 640 పౌండ్లు. తక్కువ పడిన 440 పౌండ్లకు తలకు 4 పౌండ్లు అదనంగా అడిగితే సరిపోతుంది, ఎవరికీ శ్రమ ఉండదు.

వంటల బాధ్యురాలు
ఒకసారి డబ్బు తీసుకున్న తరువాత మళ్లీ చెయ్యి చాచడం మర్యాద కాదు. పైగా వారి మెనూలో ఉగాది వంటకం ఒక్కటైనా లేదు, పన్నీరు కూర పెట్టి పండుగ అనిపించమంటారా? శ్రమ గురించి మీరు మాట్లాడితే నేను కిందటేటి పులిహోర గురించి మాట్లాడవలసి వస్తుంది.

కోశాధికారి
ఆ పులిహోర ప్రస్తావన ఏడాదిగా వింటున్నాను. లెక్క చెప్పడం నా పని, చెప్పాను. మీ ఇష్టం.

పూర్వాధ్యక్షులు
అమ్మా, బాబూ, ఇద్దరూ కాస్త ఆగండి. వేడి గారె పోయింది కానీ గారె పోలేదు. మా చిన్నతనంలో పెద్ద విందులకు ముందురోజే వేయించి పెరుగులో వేసిన ఆవడలు ఉండేవి. అవి నానితేనే రుచి, చల్లగానే వడ్డిస్తారు, కనుక హాలు పొయ్యితో వాటికి నిమిత్తం లేదు. పూర్ణాల మాట మరచిపోదాం, వాటిలోని శనగపప్పు, బెల్లమే బొబ్బట్లలోనూ ఉన్నాయి గదా.

వంటల బాధ్యురాలు
బాబాయిగారూ, ఇది నాకు తోచనే లేదు. మనిషికి రెండు చొప్పున 240 ఆవడలు, 240 బొబ్బట్లు కావాలి. ఆరు ఇళ్లవారు ముందుకు వస్తే ఒక్కొక్కరికి నలభై నలభై పడతాయి. బొబ్బట్లకు మొత్తం నాలుగు కిలోల శనగపప్పు, అంతే బెల్లం తీసుకుంటే చాలును. వాటిని శుక్రవారం రాత్రి చేసి, శనివారం పెనం మీద కాకుండా ఓవెనులో రేకు కప్పి వేడి చేయవచ్చు. పులిహోర, పప్పు, కూర శనివారం ఉదయమే మా ఇంట్లో వండి తెస్తాను.

కొత్త వలంటీరు
అక్కా, వేడిగా వడ్డించేవి 63 డిగ్రీలకు తగ్గకుండా, ఆవడలు, పెరుగు 8 డిగ్రీలకు మించకుండా ఉంచాలి. థర్మామీటరు నేను తెస్తాను. ఇక్కడి చట్టంలోని 14 అలర్జీ పదార్థాలలో మనకు వర్తించేవి గోధుమ, పాలు, ఆవాలు, వేరుశనగ, జీడిపప్పు. మైదాతో చేసినవి కనుక బొబ్బట్ల పక్కన గోధుమ అని రాస్తాము గానీ, పులిహోరలో వేసే ఇంగువను చాలామంది మరచిపోతారు. డబ్బాలో అమ్మే ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలిసి ఉంటుంది, కనుక ఆ చీటీ మీద కూడా గోధుమ అని రాయాలి.

ఒక సభ్యురాలు
నలభై బొబ్బట్లు నేను చేస్తాను, మా ఇంట్లో వాటిని భక్ష్యాలంటాము. ఉగాది పచ్చడి మాత్రం మా కరీంనగర్ వైపు లాగా గ్లాసులో తాగేలా పలుచగా ఉంటే బాగుంటుంది. గత మూడేళ్లుగా చెంచాతో తింటున్నాను, ఏమీ అనలేదు.

వంటల బాధ్యురాలు
ఈసారి రెండు గిన్నెలు పెడదాము, ఒకటి పలుచన, ఒకటి చిక్కన. ఇంగ్లండులో తాజా వేపపువ్వు ఎక్కడ దొరుకుతుంది, మా అమ్మ పంపిన ఎండుపువ్వు ఉంది. మామిడికాయలు మాత్రం పుల్లనివి చూసి కొనాలి, కిందటిసారి వచ్చినవి లోపల పండిపోయి ఉన్నాయి.

కోశాధికారి
మామిడికాయలు, శనగపప్పు, బెల్లం, మినప్పప్పు నేను కొని ఆరు ఇళ్లకూ గురువారం అందజేస్తాను. ఒక వాయి బొబ్బట్లు నేనూ చేయగలను, కానీ గుండ్రంగా రావు.

వంటల బాధ్యురాలు
గుండ్రంగా రానక్కరలేదు, చిరగకపోతే చాలు. పూర్ణం మరీ పలుచగా చేయకండి.

కార్యదర్శి
ఆరుగురు పూర్తయ్యారు. హాలులోని ఫ్రిజ్ చిన్నది. ఆవడలన్నీ అందులో పట్టవు.

పూర్వాధ్యక్షులు
మా ఇల్లు హాలుకు రెండు వీధుల దూరమే. ఫ్రిజ్‌లో రెండు అరలు ఖాళీ చేయిస్తాను, శుక్రవారం రాత్రి పది లోపల తెచ్చి పెట్టండి. మూత లేని గిన్నె మాత్రం తేవద్దు, పెరుగుకు ఉల్లిపాయ వాసన పట్టిందంటే మీ పిన్ని నన్ను ఇంట్లో ఉండనివ్వదు.