మా న్యూఫీ కుక్క పడవ తాడు వదిలేస్తున్నాడు, వాటర్ టెస్ట్‌కి ఎలా రెడీ చేయాలి?

అందరికీ నమస్తే అండీ. మేం మిషిగన్‌లో ఉంటాం, మా న్యూఫౌండ్‌లాండ్ కుక్క భీముడికి మూడేళ్ళు, 60 కిలోలుంటాడు. కిందటేడు ఇక్కడి న్యూఫీ క్లబ్‌లో చేరాం, ఎండాకాలం ఆదివారాలు అందరూ లేక్ దగ్గర కలిసి కుక్కలకి ప్రాక్టీస్ చేయిస్తారు, చలికాలం వస్తే బళ్ళు కట్టి పరేడ్‌కి తీసుకెళ్తారు, తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే అయినా సొంతవాళ్ళలా చూసుకుంటారు.

ఈసారి న్యూఫౌండ్‌లాండ్ క్లబ్ ఆఫ్ అమెరికా వాళ్ళ జూనియర్ వాటర్ టెస్ట్‌కి, అంటే నీళ్ళలో మనుషులకి సాయం చేసే పనుల్లో కుక్కలకి పెట్టే పరీక్షకి, పేరిచ్చాం. దాంట్లో ఆరు పనులుంటాయి, ఒక్కటి తప్పినా పాస్ కానట్టే. బంపర్ (నీళ్ళలోకి విసిరితే తేలే ట్రైనింగ్ వస్తువు) చక్కగా తెస్తాడు, నీళ్ళలో ఉన్న మనిషికి తాడు కూడా అందిస్తాడు. పడవ లాగమంటేనే గొడవ, తాడు నోట కరుచుకుని నాలుగడుగులేసి బరువు తగలగానే వదిలేసి నా దగ్గరికొచ్చేస్తాడు. ఇంకోటి, నేను పక్కన ఈదుతుంటే భుజాలమీదకి ఎక్కేస్తాడు, గోళ్ళు గీరుకుని చేతులన్నీ ఎర్రగా అయిపోతున్నాయి. నేను మునిగిపోతున్నా అనుకుని కాపాడ్డానికి వస్తున్నాడేమో పాపం, అందుకే గట్టిగా కసరడానికి మనసు రావట్లేదు.

క్లబ్‌లో పెద్దవాళ్ళు ముందు గట్టుమీద తేలికైనదేదన్నా లాగించమంటున్నారు. ఎన్నాళ్ళు అలా చేయించాలి? పక్కపక్కనే ఈదడం ఎలా నేర్పారు? లాబ్రడార్లకి నీళ్ళ ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళున్నా చెప్పండి ప్లీజ్, రెండు నెలలే టైముంది.