కాగజ్‌నగర్‌ను పుట్టించింది రైలా, మిల్లా?

బల్లార్షా ప్యాసింజర్:
అందరూ "మిల్లు వచ్చింది కాబట్టి ఊరు వచ్చింది" అంటారు. లెక్క చూడండి. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయింది. ఆదిలాబాద్ అడవుల మధ్య, ఈ ఊళ్లో సిర్పూర్ పేపర్ మిల్లు పెట్టింది 1938లో, కాగితం తీయడం మొదలైంది 1942లో. ఢిల్లీ–మద్రాసు దారి ఇటునుంచి పోకపోతే ఆ అడవిలో యంత్రాలు ఎవరు దించేవారు? నా ఓటు రైలుకే.

పెద్దవాగు ఒడ్డు:
అన్నా, అదే లైనులో సిర్పూర్ టౌన్ స్టేషన్ కూడా ఉంది. అక్కడ కోట ఉంది, పాత పేరుంది. మరి అదెందుకు ఇంత పెరగలేదు? ఇక్కడ అప్పట్లో ఉన్నది కొత్తపేట అనే పల్లె. కాగజ్ అంటే కాగితం. పట్టాలు పడ్డాక కూడా కొత్తపేట కొత్తపేటగానే ఉంది, మిల్లు వచ్చాకే పేరు మారింది.

బల్లార్షా ప్యాసింజర్:
పేరు సంగతి ఒప్పుకుంటా. (స్టేషన్ పేరు "సిర్పూర్ కాగజ్‌నగర్" కదా, మా చుట్టాలు సిర్పూర్ అని విని తప్పు స్టేషన్లో దిగారు.)

వెదురుబొంగు:
ఇద్దరూ అడవిని మర్చిపోయారు. ఈ మిల్లు బతికింది ఆదిలాబాద్ వెదురు మీద, పెద్దవాగు నీళ్ల మీద. వెదురు బండెడు వేసినా బరువు తక్కువ, చోటు ఎక్కువ. దాన్ని దూరం మోయడం దండగ. కాగితమైతే రైలెక్కించి ఎక్కడికైనా పంపొచ్చు. అందుకే మిల్లే అడవి దగ్గరికి వచ్చింది. ఇంకో మాట. జల్, జంగల్, జమీన్ అన్న కొమురం భీం జోడేఘాట్‌లో చనిపోయింది 1940లో. అంటే గోండులు అడవి మీద హక్కు కోసం ప్రాణాలిస్తున్న రోజుల్లోనే, అదే జిల్లాలో, అడవి మీద బతికే మిల్లు లేస్తోంది. ఊరి పుట్టుక చెప్తూ ఇది వదిలేస్తే ఎలా?

పెద్దవాగు ఒడ్డు:
ఆ మాట నిజమే, నేను ఆలోచించలేదు. కానీ రైలు వాదం మాత్రం నిలబడదు. 2014లో మిల్లు ఆగింది, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చి మళ్లీ నడిచింది. ఆ నాలుగేళ్లూ రైళ్లు ఆగుతూనే ఉన్నాయి. బజారులో బేరాలు మాత్రం లేవు.

బల్లార్షా ప్యాసింజర్:
బేరాల్లేవు, సరే. పనికోసం వెళ్లినవాళ్లు దేంట్లో వెళ్లారు? దసరాకి దేంట్లో వచ్చారు?