మేనరికం సంబంధం, తగ్గని రక్తహీనత: ముందుగా ఏ పరీక్ష చేయించాలి?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. నెలల తరబడి ఐరన్ మాత్రలు వాడినా, తోటకూర, మునగాకు మానకుండా పెట్టినా, 23 ఏళ్ల మా చెల్లెలికి హిమోగ్లోబిన్ 10.5 గ్రాములు దాటడం లేదు. తాజా రిపోర్టులో, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ మామూలుగానే ఉంది. ఎర్రకణాల సంఖ్య 55 లక్షలు దాటింది. కణం సగటు పరిమాణాన్ని చెప్పే ఎంసీవీ మాత్రం, కనీసం 80 ఉండవలసింది, 64 ఉంది.

ఎముక మజ్జలో తయారై సుమారు 120 రోజులు బతికే ఎర్రకణంలో హిమోగ్లోబిన్ ఏర్పడడానికి ఇనుము ఒక్కటే చాలదు, ఆల్ఫా, బీటా గ్లోబిన్ గొలుసులు కూడా సమపాళ్లలో తయారు కావాలి. అందుకే ఇది ఇనుము లోపం కాదని, ఆమె బీటా థలసీమియా (బీటా గొలుసు సరిగా తయారు కాని, వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) వాహకురాలేమోనని, అంటే ఆ లోపం ఉన్న జన్యువు ఒకటి మోస్తోందేమోనని నా అనుమానం. వాహకులకు సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు. అయితే చెల్లెలికి మా మేనమామ కొడుకుతో సంబంధం ఖాయమైంది. ఇద్దరూ వాహకులే అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన థలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది, అలాంటి పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కించవలసి వస్తుంది. ఈ దిగులే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

వాహకులను గుర్తించడానికి హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం శాతం చూసే హెచ్‌పీఎల్‌సీ రక్తపరీక్షకు ముందు ఐరన్ మాత్రలు ఆపాలా? కాకినాడ, రాజమండ్రి, భీమవరాలలో ఈ పరీక్ష నమ్మకంగా ఎక్కడ చేస్తారు? చెల్లెలి ఫలితం వచ్చేదాకా ఆగకుండా, బావకు కూడా ఇప్పుడే చేయించడం మంచిదా? మావయ్య, అత్తయ్య నొచ్చుకోకుండా ఈ మాట ఎలా కదపాలో, ఇలాంటి పరిస్థితి దాటినవారు దయచేసి చెప్పగలరు.