ఫ్లెక్సీలో ఒంగోలు గిత్త, పక్కన యజమాని: సైజు కలిపేదెట్టా?

కందుకూరు_ఫ్లెక్సీ
బండ లాగుడు పోటీల ఫ్లెక్సీ చేస్తున్నా. 10×6 అడుగులు, 72 రిజల్యూషన్ (అంగుళానికి 72 పిక్సెల్స్), అంటే కాన్వాస్ 8640×5184 పిక్సెల్స్. యజమానిది స్టూడియో ఫొటో, మనిషి నిలువునా 4080 పిక్సెల్స్ వస్తున్నాడు. గిత్త ఫొటో వాట్సాప్‌లో పంపారు, 1600×1200. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి కటింగ్ చేసి పక్కన పెడితే గిత్త దూడలాగా ఉంది. కంటి అందాజుతో పెంచితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. లెక్క ప్రకారం చేసే దారి ఉందా? యజమాని 68 అంగుళాలు, గిత్త 58. ఫొటోషాప్ 2021.

ఒంగోలు_రీటచ్
ఎత్తులు తెలుసు కాబట్టి సగం పని అయిపోయినట్టే. గిత్త 58 అంగుళాలు యాడికి కొలిచారో ముందు అడగండి. మూపురం కొనకి కాదు, దాని వెనక వీపుకి ఉండాలి. మూపురం ఒక్కో గిత్తకి ఒక్కో తీరు. మనిషికి తలపాగా ఉంటే అది లెక్కలోకి రాదు.

ఫొటోషాప్ టూల్స్ పట్టీలో ఐడ్రాపర్ కింద, కొలిచే రూలర్ టూల్ ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని గిట్ట నుంచి వీపు దాకా నిలువుగా లాగితే పైన పట్టీలో పిక్సెల్స్ చూపిస్తుంది. మీ ఫొటోలో 870 వచ్చిందనుకోండి. కావలసింది 4080×58÷68, అంటే 3480. నాలుగింతలు పెంచాలి, మొహమంతా అలుక్కుపోతుంది. ఆ ఫైలుతో చెయ్యబాకండి. ఒరిజినల్‌ని వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపమనండి. 4000×3000 వస్తే అదే గిత్త 2175 పిక్సెల్స్ ఉంటుంది. మనిషిని 3400కి తగ్గిస్తే గిత్తకి 2900 చాలు, అంటే 133 శాతం. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు గనక ఆ మాత్రం పెంచితే ఏం కాదు.

ఈ లెక్క గిట్టలూ పాదాలూ ఒకే గీత మీద ఉన్నప్పుడే. మనిషి వెనక నిలబడితే పాదాలు కాస్త పైకి పోవాలి, మనిషి కాస్త తగ్గాలి.

కందుకూరు_ఫ్లెక్సీ
ఒరిజినల్ వచ్చిందన్నా. కానీ సైజు మార్చడానికి కంట్రోల్ టీ కొట్టిన ప్రతిసారీ W (వెడల్పు శాతం) దగ్గర 100 అనే చూపిస్తా ఉంది. ఎంత పెంచానో తెలియడం లేదు.

ఒంగోలు_రీటచ్
మామూలు లేయర్ అంతే. ఎంటర్ కొట్టగానే కొత్త సైజే దానికి 100. పైగా పెంచి తగ్గించిన ప్రతిసారీ పిక్సెల్స్ చెడతాయి. ముందే లేయర్ మీద రైట్ క్లిక్ చేసి స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా (అసలు పిక్సెల్స్ చెడకుండా దాచుకునే లేయర్) మార్చండి, 133 అని గుర్తు పెట్టుకుంటుంది. ఫొటోని ఫైల్ మెనూలోని ప్లేస్‌తో తెస్తుంటే ప్రిఫరెన్సెస్, జనరల్‌లో ‘రీసైజ్ ఇమేజ్ డ్యూరింగ్ ప్లేస్’ తీసేయండి. లేకపోతే ఫొటో కాన్వాస్ కన్నా పెద్దదైనప్పుడు దానికి సరిపడా అదే కుదించేస్తుంది. మీ వెర్షన్‌లో షిఫ్ట్ లేకుండానే నిష్పత్తి నిలుస్తుంది, షిఫ్ట్ నొక్కితేనే సాగిపోతుంది. పాత సీఎస్6 అలవాటున్న వాళ్ల ఫ్లెక్సీల్లో మనుషులు లావైపోయేది ఇక్కడే.

కావలి_స్టూడియో
ఎత్తులు సరిపోయినా అతికించినట్టే కనపడితే కెమెరా ఎత్తు చూడండి. చదును నేల మీద కెమెరా ఎంత ఎత్తులో ఉంటే, దిగంతం గీత (నేలా ఆకాశం కలిసినట్టు కనపడే గీత) ప్రతిదాన్నీ అంత ఎత్తులోనే తాకుతుంది. గిత్త వెనక పొలం చివర గీత పొట్ట దగ్గర పోతోందంటే కూర్చుని తీశారన్నమాట, 30 అంగుళాల పైచిలుకు. యజమానిని 60 అంగుళాల నుంచి తీసుంటే పాదాలు పైనుంచి చూసినట్టు ఉంటాయి. ఇద్దరి నేలా కలవదు, శాతాలు మార్చి లాభం లేదు. కుదిరితే యజమానిని అదే ఎత్తు నుంచి మళ్లీ తీయండి. కుదరకపోతే పాదాల దగ్గర దుమ్ము లేయర్ వేయండి. బండ లాగుడు కాబట్టి ఎవరూ అనుమానించరు!

ఇంకోటి, గిత్తని ఫోన్‌తో రెండడుగుల నుంచి తీస్తే తల పెద్దదై వెనక భాగం చిన్నదవుతుంది. దాన్ని ఏ స్కేలూ సరిచెయ్యదు. అయిదారు మీటర్లు వెనక్కి పోయి 2ఎక్స్ జూమ్‌లో తీయాలి.

ఒంగోలు_రీటచ్
కెమెరా ఎత్తు మాట నిజం. పగ్గం కూడా చూడండి. యజమాని చేతిలోదీ గిత్త ముక్కుతాడు నుంచి వచ్చేదీ ఒకే మందంలో ఉండాలి. చివర్లో 100 శాతం జూమ్‌లో చూసి, స్టూడియో ఫొటోకి గాసియన్ బ్లర్ (కాస్త మసక చేసే ఫిల్టర్) అర నుంచి ఒక పిక్సెల్ ఇస్తే పెంచిన గిత్తతో కలుస్తుంది.