పరీక్ష పేపరుకు టైమ్‌లాక్ వేస్తే లీకులు ఆగుతాయా?

పెన్నా గట్టు (నెల్లూరు):
పోయిన వారం మా కాలేజీలో టైమ్‌లాక్ ఎన్‌క్రిప్షన్ (పెట్టిన టైము దాకా ఎవురూ తెరవలేకుండా ఫైలుకి తాళం వేసే పద్ధతి) మీద రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టినారు. రెండో రోజు భోజనాల కాడ మొదలైన గొడవ ఇంకా తెగలా, అందుకే ఇక్కడ పెడుతుండా. పదో తరగతి, ఇంటర్ పేపర్లను కాగితం కట్టలుగా కాకుండా టైమ్‌లాక్ వేసి పంపితే లీకులు ఆగుతాయా? నేనైతే ఆగుతాయనే అంటా.

తెలియనోళ్ళకి రెండు ముక్కలు. మామూలు తాళానికి చెవి ఎవరో ఒకరి జేబులో ఉంటుంది. దీనికి చెవి ఇంకా పుట్టనే లేదు, ఎవురు దొంగిలిస్తారు? ఇంటర్నెట్ కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్, స్విట్జర్లాండులోని ఈపీఎఫ్ఎల్ విశ్వవిద్యాలయం, చిలీ విశ్వవిద్యాలయం లాంటి సంస్థలు 2019లో కలిసి డీరాండ్ అనే ఏర్పాటు నడపడం మొదలుపెట్టాయి. వాళ్ళ సర్వర్లన్నీ కలిసి ఒక్కో డిజిటల్ సంతకం (ముందుగా ఎవురూ ఊహించలేని పెద్ద సంఖ్య) విడుదల చేస్తుంటాయి, ఇప్పటి నెట్‌వర్కులో 3 సెకన్లకొకటి. ప్రతిదానికీ వరుస నంబరు ఉంటుంది కాబట్టి పరీక్ష రోజు తొమ్మిదిన్నరకి ఏ నంబరు పడుతుందో ఇవాళే లెక్కగట్టొచ్చు. ఆ నంబరు మీద ఇవాళే తాళం వేస్తాం. ఆ సంతకం బయటికొచ్చినప్పుడు అదే చెవి. సర్వర్లలో ఎక్కువ భాగం కుమ్మక్కైతే తప్ప ముందు తెరవలేరు.

కందుకూరు మాస్టారు:
(మమ్మల్ని 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు గానీ మాట మాత్రం ఒంగోలుదే.) అబ్బాయ్, నేను రిటైరయ్యేలోపు పదిసార్లకు పైగా పరీక్షలకి చీఫ్‌గా చేశా. పొద్దున్నే పోలీసు స్టేషనుకి పోవడం, రిజిస్టర్లో సంతకం పెట్టి కట్ట తీసుకోవడం, సెంటర్లో ఇద్దరు ఇన్విజిలేటర్లకి లక్క సీలు చూపించి, కవరు మీదే టైము వేయించి, వాళ్ళ సంతకాలు తీసుకుని బ్లేడుతో కోయడం. ఇదంతా చేసిన చేత్తో చెప్తున్నా, దొంగ కవర్లో నుంచి రాడు. 2022లో మన రాష్ట్రంలో పదో తరగతి పేపర్లు వాట్సాప్‌లో తిరిగాయి గదా, వాటిలో చాలావరకు పరీక్ష మొదలయ్యాక లోపలినుంచి ఫోన్లో ఫొటో తీసి పంపినవే అని అప్పుడు అధికారులే చెప్పారు. నీ తాళం తొమ్మిదిన్నరకి తెరుచుకుంటుంది, వాడు తొమ్మిదీ నలభైకి ఫొటో తీస్తాడు. ఏం ఆగింది?

ఇంకోటి. 240 మంది పిల్లలు, ఒక్కోడికి నాలుగు పేజీలు. తొమ్మిదిన్నరకి తెరుచుకుంటే ప్రింటు ఎప్పుడు తీస్తావు?

ల్యాబ్ అసిస్టెంటు, ఒంగోలు:
మాస్టారూ, ప్రింటు సంగతి నేను చెప్తా. ఇంజనీరింగ్ కాలేజీల్లో పేపరు ఆన్‌లైన్‌లో రావడం, కాలేజీలోనే ప్రింటు తీయడం ఎన్నో ఏళ్ళనుంచి ఉంది. పరీక్షకి కొంచెం ముందు పాస్‌వర్డు వస్తుంది, దింపుకుంటాం. ఒకసారి వానాకాలం తేమకి కాగితాలు రెండేసి అంటుకుని మెషిన్లో ఇరుక్కున్నాయి. రోలరు కింద వేలు పెట్టి ముక్క పీకుతుంటే బయట ఇన్విజిలేటర్లు తలుపు కొడుతున్నారు. ఆ ఇరవై నిమిషాల్లో ఆ గదిలో మేం ముగ్గురమే, పేపరు మా చేతిలోనే. అయితే ఇప్పుడు పాస్‌వర్డు పంపేది ఒక మనిషి గదా. టైమ్‌లాక్ వస్తే ఆ మనిషి అక్కర్లేదు. అంతవరకు లాభమే.

కావలి అమ్మాయి (చెన్నైలో ఉద్యోగం):
నేను ఈ పనిలోనే ఉన్నా కాబట్టి రెండు దిద్దుబాట్లు.

పెన్నా గట్టు అన్న చెప్పింది రెండో రకం. మొదటి రకం 1996లో రివెస్ట్, షమీర్, వాగ్నర్ అనే క్రిప్టోగ్రఫీ శాస్త్రవేత్తలు రాసింది. అందులో సర్వర్లు ఉండవు, ఒక పెద్ద లెక్క ఉంటుంది. ఒక సంఖ్యని వర్గం చేసి (దాన్ని దాంతోనే గుణించి), వచ్చినదాన్ని మళ్ళీ వర్గం చేసి, అట్లా పోతూనే ఉండాలి. ఒక మెట్టు అయితేగానీ తర్వాతది మొదలుపెట్టలేం కాబట్టి వెయ్యి కంప్యూటర్లు తెచ్చినా పని పంచుకోలేరు. పాలల్లో తోడు వేసినట్టు, చుట్టూ పదిమంది కూర్చున్నా పెరుగు తొందరగా తోడుకోదు. బాగుంది కదా, కానీ గడియారంగా పనికిరాదు. రివెస్ట్ 1999లో ఎంఐటీలో 35 ఏళ్ళు పట్టాలని ఒక పజిల్ పెట్టారు. 2019లో బెల్జియం ప్రోగ్రామరు ఒకాయన మామూలు కంప్యూటరు మీద మూడున్నరేళ్ళు నడిపి తేల్చేశాడు. అదే సమయంలో ఇంకో బృందం ప్రత్యేకమైన హార్డ్‌వేరుతో రెండు నెలల పనిగా చేసి దాదాపు ముగింపుకొచ్చింది. తోడు అదే గానీ కొన్ని వంటిళ్ళు వెచ్చగా ఉంటాయి! తొమ్మిదిన్నర అంటే తొమ్మిదిన్నరే కావాల్సిన చోట దీన్ని మర్చిపోండి.

ఇక డీరాండ్ రకం. దీంట్లో అందరూ వదిలేసిన ముల్లు ఒకటుంది: వాయిదా వేయలేం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు గుర్తుందా? ఆ రోజే పరీక్ష ఉందనుకోండి. కలెక్టరు సెలవిస్తారు, పిల్లలు ఇళ్ళల్లో ఉంటారు, తాళం మాత్రం తొమ్మిదిన్నరకి తెరుచుకుంటుంది. దానికి తుపాను తెలీదు. ఆ ఫైలు ఎన్ని సెంటర్లకి వెళ్ళిందో అన్ని చోట్లా పేపరు బయటపడినట్టే.

పెన్నా గట్టు:
చెల్లెమ్మా, రెండు తాళాలు వేస్తే? లోపల టైమ్‌లాక్, బయట బోర్డు తాళం. బోర్డు తన చెవి పరీక్ష రోజు పొద్దున ఇస్తుంది. తుపాను వస్తే ఇవ్వదు.

కావలి అమ్మాయి:
అదే సరైన పద్ధతి అన్నా. బోర్డులో ఒక గుమాస్తా అమ్ముడుపోయినా టైమ్‌లాక్ వల్ల ముందు తెరవలేడు, టైము వచ్చినా బోర్డు ఒప్పుకోందే తెరుచుకోదు. ఒప్పుకుంటా.

కందుకూరు మాస్టారు:
నేను ఒప్పుకోను. పేపరు రాసినాయన చూశాడు, టైపు చేసినాయన చూశాడు, తెలుగులోకి మార్చినాయన, తప్పులు దిద్దినాయన చూశారు. వీళ్ళందరూ చూశాకే గదా నువ్వు తాళం వేసేది. 2024 నీట్ పేపర్ల పెట్టెలకి టైముకి తెరుచుకునే డిజిటల్ తాళాలే పెట్టారు. జార్ఖండ్‌లోని హజారీబాగ్‌లో వాటి జోలికే పోకుండా పెట్టె బందులు ఊడదీసి, ఫొటో తీసుకుని, మళ్ళీ బిగించారని సీబీఐ తేల్చింది. తాళం ఎంత గట్టిదైనా తలుపు బందుల మీదే గదా నిలబడేది.

రొయ్యల గుంట (అల్లూరు వైపు):
మాస్టారు చెప్పింది కరెక్టే గానీ నా సంగతి కూడా వినండి. మీరంతా పేపర్లు పేపర్లు అంటుండారు, నాకు చెరువు పాట గుర్తొస్తుండాది. మా పక్కూర్లో చేపల చెరువుకి సీల్డు టెండరు పిలిచినారు. నేను 3,85,000 రాసి, జిగురు పెట్టి, పైన అడ్డంగా సంతకం కూడా పెట్టి ఇచ్చినా. ఇంకొకాయన 3,86,000. వెయ్యి రూపాయల తేడా! తర్వాత తెలిసింది, కవరు ట్యూబులైటు కింద పెడితే లోపలి అంకెలు కనపడతాయంట. పల్చటి కాగితం, నేను నీలం ఇంకుతో వొత్తి వొత్తి రాసినా. అప్పట్నుంచి టెండరు కాగితాన్ని కార్బను పేపరులో చుట్టి పెడుతుండా. ఈ టైమ్‌లాక్ నాకు పనికొస్తదా రాదా, అది చెప్పండి.

కావలి అమ్మాయి:
అన్నా, పేపర్ల కంటే మీకే బాగా పనికొస్తుంది. మాస్టారి అభ్యంతరం మీ దగ్గర నిలబడదు. పేపరు పదిమంది చూశాక తాళం పడుతుంది, మీ ధర మీరొక్కరే చూశారు, తాళం వేసేదీ మీరే. ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో కూడా ధర ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది గానీ తెరిచే చెవులు అధికారుల దగ్గరే ఉంటాయి. టైమ్‌లాక్ అయితే తాళం వేసిన ముక్కని ఊరి వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ పెట్టేయొచ్చు. కవరు అందలేదు, ఆలస్యమైంది, మార్చారు అనే మాటలుండవు. మిగతావాళ్ళ ధరలు చూసి నాది తెరవొద్దులే అని వెనక్కి తగ్గడానికీ లేదు, టైముకి అందరివీ తెరుచుకుంటాయి.

కందుకూరు మాస్టారు:
ఇది మాత్రం నచ్చిందమ్మా. పేపర్ల విషయంలో నా మాట మీదే నేనున్నా. అయినా చెరువుకి సీల్డు కవరు ఎందుకు, రావిచెట్టు కింద దండోరా వేసి బహిరంగంగా పాడితే పోలా?

రొయ్యల గుంట:
పాడితే పక్కనే నిలబడి కళ్ళెర్రజేస్తారు మాస్టారూ, అందుకే కవరు.

పెన్నా గట్టు:
సరే, పేపర్లలో నేను సగం ఓడిపోయినా. పాట మాత్రం వదలను. వచ్చే నెల మా ఊరి గుడి కొబ్బరికాయల అంగడికి టెండరు ఉండాది. ఎప్పుడూ వేసేది ఆ నలుగురే. నలుగుర్నీ కూర్చోబెట్టి, ఈసారి ఇట్టా చేద్దామని ముందే ఒప్పించబోతుండా.

రొయ్యల గుంట:
టెండరుకి ముందు నలుగురూ ఒకచోట కూర్చుని ఒప్పుకుంటే దాన్ని మా ఊర్లో రింగు అంటారు సామీ.